అయానిక సమ్మేళనాలకు ఎలక్ట్రాన్ చుక్కల పటం గీసే విధానం

(తెరపై: సోడియం సంకేతం పక్కన ఒక చుక్క, క్లోరిన్ సంకేతం చుట్టూ ఏడు చుక్కలు.)

పరమాణువు బాహ్య కక్ష్యలోని ఎలక్ట్రాన్లను చుక్కలతో సూచించే పద్ధతిని అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1916లో ప్రతిపాదించారు. ఎలక్ట్రాన్ల బదిలీతో అయాన్లు (ఆవేశం గల కణాలు) ఏర్పడి, అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడమే అయానిక బంధమని జర్మనీకి చెందిన వాల్టర్ కోసెల్ అదే సంవత్సరంలో వివరించారు.

సోడియం ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే కక్ష్యల వారీగా ఎలక్ట్రాన్ల సంఖ్య, 2, 8, 1. క్లోరిన్‌ది 2, 8, 7. సోడియం కోల్పోయిన ఒక ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ గ్రహిస్తే రెండింటికీ బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుండే స్థిరమైన జడవాయు విన్యాసం లభిస్తుంది.

(తెరపై: ఆ ఒక్క చుక్క క్లోరిన్ వైపు కదులుతుంది.)

క్లోరైడ్ అయాన్ చుట్టూ ఎనిమిది చుక్కలు పెట్టి, దాన్నంతటినీ చదరపు బ్రాకెట్లలో ఉంచి, బ్రాకెట్ వెలుపల కుడివైపు పైన రుణ గుర్తు వేయాలి. ఆ ఆవేశం అయాన్ మొత్తానికి చెందుతుందని బ్రాకెట్ తెలియజేస్తుంది. సోడియం అయాన్‌కు మాత్రం ధన గుర్తు తప్ప చుక్కలేవీ ఉండవు. దాని రెండో కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉన్నప్పటికీ, మనం మొదటి నుంచీ చూపుతున్నది మూడో కక్ష్యను. అది ఇప్పుడు ఖాళీ అయింది.

ఇక్కడ చాలామంది విద్యార్థులు రెండు సంకేతాల మధ్య ఒక చుక్కల జత పెడతారు. అది హైడ్రోజన్ క్లోరైడ్ వంటి సమయోజనీయ (పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునే) సమ్మేళనానికి సరిపోయే చిత్రం. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం అయాన్‌ను ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ అయాన్‌ను ఆరు సోడియం అయాన్లు చుట్టుముట్టి ఉంటాయి కాబట్టి, పంచుకున్న జతను గీస్తే ఆ పదార్థ స్వభావమే తప్పుగా చెప్పినట్లవుతుంది.

మెగ్నీషియం క్లోరైడ్‌లో మెగ్నీషియం ఇచ్చే రెండు ఎలక్ట్రాన్లను రెండు క్లోరిన్లు చెరొకటి తీసుకుంటాయి. అసలు పరీక్ష అల్యూమినియం ఆక్సైడ్ దగ్గర ఎదురవుతుంది.

(తెరపై: మూడు చుక్కలతో అల్యూమినియం, ఆరు చుక్కలతో ఆక్సిజన్.)

అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఆక్సిజన్‌కు కావలసినవి రెండే. మిగిలిన ఒకటి రెండో ఆక్సిజన్‌కు వెళితే, దానికి ఇంకొకటి తక్కువవుతుంది. అందుకోసం రెండో అల్యూమినియాన్ని తెచ్చుకుంటే, దాని మూడింటిలో ఒకటి ఆ లోటును తీర్చగా, మిగిలిన రెండు మూడో ఆక్సిజన్‌కు సరిపోతాయి. సూత్రం కంఠస్థం చేయకుండా ఇలా చుక్కలను ఒక్కొక్కటిగా పంపించి చూడటమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు అల్యూమినియంలు, మూడు ఆక్సిజన్లు అనే నిష్పత్తి అప్పుడు దానంతటదే బయటపడుతుంది.

చివరి చిత్రంలో ఆక్సైడ్, అల్యూమినియం, ఆక్సైడ్, అల్యూమినియం, ఆక్సైడ్ అనే వరుసలో గీస్తే సజాతి ఆవేశాలు పక్కపక్కన పడవు. బ్రాకెట్ ముందు అంకె వేసి అయాన్ల సంఖ్యను సూచించడమూ సరైనదే. అయితే కొత్తగా నేర్చుకునేవారు ఆ అంకెను ఆవేశంతో పొరబడే అవకాశం ఉంది కనుక మొదట అన్ని అయాన్లనూ విడివిడిగా గీయాలి.

(తెరపై: బదిలీకి ముందు, తర్వాత చుక్కల లెక్క.)

గీసిన తర్వాత చుక్కలు లెక్కించండి. బదిలీకి ముందు అల్యూమినియంలవి 6, ఆక్సిజన్లవి 18, మొత్తం 24. తర్వాత మూడు ఆక్సైడ్ అయాన్లపై ఎనిమిదేసి చొప్పున మళ్లీ 24. ఆవేశాలు +6, −6 కాబట్టి మొత్తం సున్నా. ఇదే పద్ధతిలో మెగ్నీషియం నైట్రైడ్ గీయండి. నైట్రోజన్‌కు ఐదు చుక్కలతో మొదలుపెడితే మొత్తం 16 రావాలి.