అలారం ఆపడం వేరు, అలారం తొలగడం వేరు

గౌరవనీయులైన అధ్యాపకులకు, ఈ ఏడాది చదువు ముగించుకుని ఉద్యోగాల్లో చేరబోతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. సర్వర్ల మీద, నెట్‌వర్క్ పరికరాల మీద వచ్చే అలారాల గురించి చెప్పమని మీ విజయవాడ కళాశాలకు నన్ను పిలిచారు. ఏ అలారానికి ఏ కమాండ్ ఇవ్వాలన్నది పరికరంతో వచ్చే పుస్తకంలో దొరుకుతుంది కనుక, అంతకంటే ముందు తెలిసి ఉండవలసిన ఒక తేడా గురించి మాట్లాడతాను. అలారాన్ని ఆపడం వేరు, దాని కారణం తొలగడం వేరు.

ఈ తేడా విలువ నాకు గుంటూరులో ఒక కార్యాలయపు సర్వర్ గదిలో తెలిసింది. అక్కడ నాలుగు డిస్కులతో రెయిడ్-5 పద్ధతిలో నడిచే సర్వర్ ఉండేది. ఈ పద్ధతిలో ఒక డిస్కు పాడైతే మిగిలిన మూడింటిలో ఉన్న సమాచారాన్ని, పారిటీని (తిరిగి లెక్కగట్టడానికి ముందే రాసి ఉంచిన అదనపు సమాచారాన్ని) బట్టి పోయిన భాగాన్ని, డిస్కులను నడిపే కంట్రోలర్ లెక్కగట్టి అందిస్తుంది, అందువల్ల వాడేవారికి పెద్దగా తేడా తెలియదు. రెండో డిస్కు కూడా పోతే మాత్రం అంతా పోయినట్టే. మొదటి డిస్కు పాడైన రోజు బీప్ మోగింది. ఆ మోత భరించలేక ఎవరో దాన్ని ఆపించారు. మోత ఆగింది, సర్వర్ నడుస్తూనే ఉంది, డిస్కు మార్చాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. మూసిన తలుపు వెనుక నారింజ రంగు దీపం ఒకటి వారాల తరబడి వెలుగుతూనే ఉంది. నన్ను పిలిచే నాటికి రెండో డిస్కు కూడా పోయింది. పాత బ్యాకప్ నుంచి దొరికింది దొరకగా, మిగిలిన మూడు వారాల లెక్కలను అక్కడి సిబ్బంది కాగితపు రశీదులు చూసి మళ్లీ టైపు చేశారు. బీప్ ఆపినవారిని నేను ఈనాటికీ తప్పుపట్టను. మోతను ఆపే బటన్ లోపాన్ని సరిచేయదని వారికి ఎవరూ చెప్పలేదు.

అంతర్జాతీయ టెలికాం సమాఖ్య 1992లో ఆమోదించిన ఎక్స్.733 ప్రమాణం అలారం తీవ్రతను క్రిటికల్, మేజర్, మైనర్, వార్నింగ్ అనే స్థాయిలుగా విభజించింది. ‘క్లియర్డ్’ అన్నదాన్ని కూడా ఆ ప్రమాణం అదే వరుసలో చేర్చింది. అంటే, తీరిందన్న మాట కూడా పరికరం నుంచి రావలసిన సమాచారమే. మనం స్క్రీన్ మీద నొక్కే ‘ఎక్‌నాలెడ్జ్’కు అర్థం ‘నేను చూశాను’ అని మాత్రమే. కొన్ని అలారాలు తమంతట తాము తొలగవన్న మాట నిజమే. సర్వర్ మదర్‌బోర్డు మీది చిన్న నియంత్రణ యూనిట్ రాసుకునే ఈవెంట్ లాగ్‌కు చోటు పరిమితం. అది నిండిపోతే కొన్ని సర్వర్లలో కొత్త సంఘటనలు నమోదు కావు, కాబట్టి దాన్ని ఖాళీ చేయక తప్పదు. అయితే ముందుగా దాన్ని ఒక ఫైలులోకి దింపుకోండి. మెమొరీ లోపం మొదట ఏ స్లాటులో, ఎప్పుడు కనిపించిందో చెప్పగలిగిన సాక్ష్యం అదొక్కటే.

చిన్న అలారాలను వదిలేయడం ఇంకో ప్రమాదం. జూనిపర్ కంపెనీ నెట్‌వర్క్ పరికరాల్లో రెస్క్యూ కాన్ఫిగరేషన్ (అవసరమైతే తిరిగి వెళ్లడానికి దాచుకునే అమరికల ప్రతి) భద్రపరచకపోతే మైనర్ అలారం వస్తుంది, పసుపు దీపం వెలుగుతుంది. ఒక్క కమాండ్‌తో అది పోతుంది. అయినా ‘ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందిలెండి’ అన్న మాట నేను ఎన్నో గదుల్లో విన్నాను. ఆ తరువాత నిజంగా మరో మైనర్ లోపం వచ్చిన రోజున వెలిగేది కూడా అదే దీపం, అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

వేడి అలారాల విషయంలో మన ప్రాంతంవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మిర్చి యార్డు సమీపంలోని ఒక కార్యాలయంలో, సరుకు రాక పెరిగే నెలల్లో నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కలిపే పరికరం) ఏటా టెంపరేచర్ అలారం ఇచ్చేది. నాకంటే ముందు పనిచేసినవారు అలారం హద్దునే పెంచి వదిలేశారు. ఏసీ దగ్గరి మీటరులో 24 డిగ్రీలు కనిపిస్తుంటే, స్విచ్ గాలి పీల్చుకునే చోట మాత్రం 38 ఉంది. కొలవవలసింది గది గోడ దగ్గర కాదు, పరికరం ముందు. అక్కడ 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ప్రపంచమంతటా పాటించే సిఫారసు. ఫిల్టరు ఊడదీసి చూస్తే ఎర్రటి పొడి పట్టి గట్టిపడి ఉంది, దులుపుతుంటే దగ్గు ఆగలేదు. ఫిల్టరు మార్చాక హద్దును మళ్లీ పాత అంకెకు తెచ్చాను, అలారం తిరిగి రాలేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఓర్పు కావలసింది అలారాలు వెల్లువలా వచ్చినప్పుడు. కాలువ కోసం తవ్వుతున్న జేసీబీ, వెలుగు రూపంలో సమాచారాన్ని మోసే ఫైబర్ కేబుల్‌ను ఒకదాన్ని తెంపిందనుకోండి. పోర్టులో వెలుగు రావడం లేదని ఒక అలారం, లింకు పడిపోయిందని ఒకటి, పొరుగు రూటర్ పోయిందని ఒకటి, ఆ అవతల ఉన్న ప్రతి సర్వరూ అందడం లేదని పదులకొద్దీ వరుసలు స్క్రీన్‌ను నింపేస్తాయి. సాధారణంగా కొత్తవి పైన ఉంటాయి, మనకు కావలసిన మొదటిది అడుగున పడి ఉంటుంది. అందుకే సమయాన్ని బట్టి వెనక్కి వెళ్లాలి. పరికరాల గడియారాలన్నీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతి) ద్వారా కలిసి ఉంటేనే అది సాధ్యం. ఒకటి భారత కాలమానంలోను, మరొకటి ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలోను ఉంటే ఐదున్నర గంటల తేడాతో ఫలితం ముందు, కారణం తరువాత జరిగినట్టు కనిపిస్తుంది.

ఆ సమయాల మధ్య వ్యవధి కూడా ఎంతో చెబుతుంది. రూటర్లు దారులు తెలుసుకోవడానికి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిలో మన పోర్టు తానే పడిపోతే పొరుగు సంబంధం వెంటనే తెగుతుంది. మన పోర్టు బాగానే ఉండి, మధ్యలోని స్విచ్‌కు అవతల తెగితే, మామూలు అమరికలో పొరుగు నుంచి చివరి పలకరింపు వచ్చాక 40 సెకన్ల గడువు ముగిసేదాకా రూటర్ వేచి చూస్తుంది. దాదాపు అంత ఆలస్యం కనిపించిందంటే, లోపం మన కేబుల్‌లో కాక అవతల ఉండే అవకాశమే ఎక్కువ. అలాగే అందుకునే వెలుగు 3 డెసిబెల్‌లు తగ్గితే సగమైనట్టు, 6 తగ్గితే నాలుగో వంతు అయినట్టు. ఒక్కసారిగా సున్నా అయితే తెగిందని అనుమానించాలి. రోజుల తరబడి మెల్లగా తగ్గితే కనెక్టరులో మురికి చూడాలి. దూరాలకు వాడే సింగిల్-మోడ్ ఫైబర్‌లో వెలుగు ప్రయాణించే మధ్య భాగం (కోర్) వ్యాసం సుమారు 9 మైక్రాన్లే కనుక ఒక్క ధూళి కణం చాలు. వెలుగు తరంగదైర్ఘ్యం 1310 నానోమీటర్ల దగ్గర బాగుండి 1550 దగ్గర నష్టం ఎక్కువగా ఉంటే, ఎక్కడో ఫైబర్ మరీ వంగింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: వెలుగు వస్తోందో లేదో చూద్దామని ఫైబర్ చివర కంటి ముందు పెట్టుకోకండి. ఆ కిరణం కంటికి కనబడదు, కానీ కంటిని దెబ్బతీయగలదు.

నిశ్శబ్దాన్ని కూడా అనుమానించాలి. 2003 ఆగస్టు 14న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం 2:14కు ఆగిపోయింది. అది ఆగిందన్న అలారం కూడా రాలేదు. లైన్లు చెట్లకు తగిలి ఒక్కొక్కటిగా ట్రిప్ అవుతుంటే ఆపరేటర్ల తెరలు ప్రశాంతంగానే ఉన్నాయి. రెండు గంటలు తిరిగేసరికి అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మన పరికరాలు తమంతట తాము పంపే ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌లు అనే హెచ్చరికలు కూడా, చేరిందన్న రసీదు అడగని యూడీపీ పద్ధతి మీద వెళ్తాయి, చేరాయో లేదో పంపినవాడికి తెలియదు. కరెంటు పోయిన స్విచ్ అసలు పంపనే లేకపోవచ్చు. కాబట్టి పరికరం చెప్పేదాకా ఆగకుండా, మీ మానిటరింగ్ సర్వరే నిర్ణీత వ్యవధిలో ప్రతి పరికరాన్నీ అడుగుతూ ఉండాలి. ఆ సర్వర్ బతికే ఉందా అని చూసే ఏర్పాటు దానికి వెలుపల, వేరే యంత్రంలో ఉండాలి.

ఈ బల్ల మీద రెండు పవర్ సప్లైలు ఉన్న పాత స్విచ్ ఒకటి పెట్టాను. ముగ్గురేసి చొప్పున వచ్చి ఒక కేబుల్ లాగండి, ఏ దీపం మారిందో, లాగ్‌లో ఏ వరుస పడిందో చూసి సమయం రాసుకోండి. తరువాత కీబోర్డు ముట్టుకోకుండా కేబుల్ తిరిగి పెట్టి, అలారం తనంతట తాను తొలగిన వరుస ఏ సమయానికి పడిందో అది కూడా రాసుకోండి.