తోసేస్తే ఈత రాదు

నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య మన వాట్సాప్ గుంపుల్లో ఒక వీడియో తిరుగుతోంది, మీరూ చూసే ఉంటారు. వంశధార రేవులో ఒక పెద్దాయన ఐదారేళ్ల మనవణ్ణి చంకలు పట్టి ఎత్తి నీళ్లలోకి విసిరేస్తాడు. వాడు మునిగి తేలుతూ ఉక్కిరిబిక్కిరవుతుంటే గట్టు మీద అందరూ నవ్వుతుంటారు. కింద ఒక మాట రాశారు: ‘మాకూ ఈత ఇలాగే వచ్చింది.’

వచ్చింది, కాదనను. వచ్చినవాళ్లే కదండీ ఇవాళ ఆ మాట చెప్పగలిగేది. రానివాళ్లు చెప్పడానికి లేరు.

తోసేసిన పిల్లవాడికి ముందు పట్టుకునేది భయం. భయపడ్డవాడు తల పైకెత్తి నిలువుగా తన్నుకుంటాడు. నిలువుగా ఉన్న ఒళ్లు తేలదు. నోరు ఒక క్షణం నీటి పైన, ఒక క్షణం కింద. ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలనప్పుడు ఇక కేక ఎక్కడి నుంచి వస్తుంది? చేతులు ఊపుతూ ‘రక్షించండి’ అని అరవడం సినిమాల్లో చూసిందే. నిజంగా మునిగేవాళ్లు చప్పుడు లేకుండా, చాలాసార్లు నిమిషం లోపే మునిగిపోతారు. పక్క రాయి మీద బట్టలు ఉతుకుతున్నవాళ్లకు కూడా తెలియదు. రేవులో పిల్లల గోల ఆగిందంటే, చేతిలో పని వదిలేసి తల తిప్పి చూడండి.

మరి ముందు ఏం నేర్పాలి? వెల్లకిలా తేలడం. చేతులు వేయడం, కాళ్లు కొట్టడం ఆ తరువాతి సంగతి. పారని నీళ్లు, పిల్లల నడుము లోతు చాలు. మొదట మూతి నీళ్లలో పెట్టి బుడగలు ఊదించండి, ముక్కులోకి నీరు పోతుందన్న బెదురు తగ్గుతుంది. తరువాత ఒక అరచెయ్యి మెడ కింద, ఇంకొకటి నడుము కింద పెట్టి పడుకోబెట్టండి. చెవులు నీళ్లలో మునగాలి. సరిగ్గా ఇక్కడే పిల్లలు బిగుసుకుపోయి తల ఎత్తేస్తారు, తల లేస్తే కాళ్లు మునుగుతాయి. తిట్టకండి. ఆకాశంలో కొంగలు ఎన్నో లెక్కపెట్టమనండి. గడ్డం పైకి, ఛాతీ నిండా గాలి. ఒళ్లు వదులైనట్టు మీ చేతికే తెలుస్తుంది. అప్పుడు నడుము కింది చెయ్యి ముందు తీయండి, మెడ కింది చెయ్యి చివర.

గాలి ఊదే ట్యూబులు, చేతి పట్టీలు మాత్రం బొమ్మలతో సమానం. జారిపోతాయి. అవి ఉన్నాయి కదా అని మనం ఫోను చూస్తాం, అది ఇంకా పెద్ద ప్రమాదం.

ఐదేళ్ల లోపు పిల్లల విషయం వేరు. వాళ్లకు ఈత నేర్పినా దాన్ని నమ్ముకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షల మంది. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపువారే. వీళ్లకు నదే అక్కర్లేదు. బకెట్లోకి తొంగిచూస్తే తల బరువుకు ముందుకు పడిపోతారు, పైకి లేవలేరు. బకెట్ బోర్లించండి, తొట్టికి మూత వేయండి. రేవుకు తీసుకువెళితే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండండి. ‘పిన్నీ, ఇక నువ్వు చూడు’ అని పైకి చెప్పి అప్పగించండి. అందరూ ఉన్నారనుకున్న చోట చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

మన నదులు కొండ నదులు. ఇక్కడ ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన కిందికి దిగుతుంది. 2017 జూలైలో నాగావళి పొంగితే రాయగడ జిల్లా తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఇసుక తవ్విన గుంటలు సరేసరి: మోకాలి లోతు అనుకుని ఇంకొక అడుగు వేస్తే నిలువు లోతు.

ఎవరైనా మునుగుతుంటే పిల్లలు దూకకూడదు. ఇది వాళ్లకు బాగా నూరిపోయండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, తాడు, కర్ర, చీర, ఏది ఉంటే అది అందించాలి, పెద్దవాళ్లను అరిచి పిలవాలి. బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, కుండ మీద వేసి తిప్పడం మానేయండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోటితో రెండుసార్లు ఊపిరి ఊది, ఛాతీ మధ్య ముప్పైసార్లు వేగంగా నొక్కుతూ, మళ్లీ ఊదుతూ ఉండాలి. ఇంకొకరు 108కు ఫోను చేయాలి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే.

బంగ్లాదేశ్‌లో ఊరి చెరువులోనే ఒక మూల వెదురుతో దడి కట్టి, నీళ్ల కింద వెదురు తడిక పరిచి, పిల్లలకు కాళ్లు ఆనేటట్టు చేసి ఈత నేర్పుతున్నారు. పాతిక మీటర్లు ఈదాలి, అర నిమిషం తేలాలి, గట్టు మీద నుంచి ఇంకొకరికి సాయం అందించడం రావాలి. గజపతి జిల్లాలో వెదురు లేదా? చెరువులు లేవా? కార్తీక పౌర్ణమికి బొయిత బందాణ (ఒడియావాళ్ల పడవల పూజ) అంటూ తెల్లవారకముందే అరటి దొప్పల పడవలు పట్టించి పిల్లలందరినీ ఆ చెరువుల గట్ల మీదికే కదా నడిపిస్తాం! మీ ఊరి చెరువులో దడి కట్టడానికి ఎవరు ముందుకొస్తారో కింద రాయండి. కొలతలు, కట్టే పద్ధతి వచ్చే వీడియోలో మేస్త్రీని పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను.