సంక్రాంతికి చూసిన హైదరాబాద్

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి మూడు రోజులూ హైదరాబాద్‌లో తిరిగినవాళ్లెవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. జనమంతా సొంత ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. రోడ్లు ఖాళీ. మియాపూర్‌లో బండి తీస్తే గచ్చిబౌలి ఎప్పుడొచ్చిందో తెలియదు. ఎండ హాయిగా ఉంటుంది, సాయంత్రం సన్నగా చలి వేస్తుంది. బెంగళూరు నుంచి పండక్కి వెళ్లిన మేం సరిగ్గా ఆ హైదరాబాద్‌నే చూసి, "ఇక్కడికి వచ్చేద్దామా?" అనుకున్నాం.

మేం బెంగళూరులో మారతహళ్లి దగ్గర పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. మా ఆయన కంపెనీకి హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. అడిగితే పంపిస్తారు. జీతం పెరగదు, తగ్గదు. కష్టమంతా అక్కడే వచ్చింది. జీతం పెరుగుతుందంటే మారు మాట్లాడకుండా పెట్టె సర్దుకునేవాళ్లం. ఏ తేడా లేకపోయేసరికి ప్రతిదీ ఆలోచించాల్సి వచ్చింది.

మొదటి నెలంతా ఊరికీ ఊరికీ పోటీ పెట్టాం. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు. మే నెలలో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. నీళ్ల సంగతికొస్తే, బెంగళూరుకి కావేరి నీళ్లను దాదాపు 100 కిలోమీటర్ల నుంచి ఎత్తుకు తోడి తెస్తారు. హైదరాబాద్‌కి కృష్ణ, గోదావరి రెండూ దూరం నుంచి వచ్చేవే. 2024 వేసవిలో బెంగళూరులో ట్యాంకరు కోసం మేం పడ్డ పాట్లు చెప్పుకుంటే, కొండాపూర్‌లో ఉండే మా చెల్లెలు నవ్వింది. వాళ్ల అపార్ట్‌మెంట్‌కీ ఎండాకాలం ట్యాంకరే దిక్కట. ట్రాఫిక్ గురించి చెప్పను. రెండు ఊళ్లవాళ్లూ మాదే ఎక్కువని గొప్పగా చెప్పుకుంటారు.

ఒక రోజు మా ఆయన కాగితం మీద మూడు చుక్కలు పెట్టాడు. ఇల్లు, ఆఫీసు, బడి. మనం బతికేది ఈ మూడింటి మధ్యే కదా, మిగతా ఊరితో మనకేం పని అన్నాడు. నిజమే. బెంగళూరులో పద్నాలుగేళ్లున్నా లాల్‌బాగ్‌కి వెళ్లింది నాలుగుసార్లు, అదీ చుట్టాలొచ్చినప్పుడు. మెట్రో ఉందిగా అని హైదరాబాద్ వైపు మొగ్గు చూపిన నేను, అది రాయదుర్గం దగ్గరే ఆగిపోతుందనీ, ఆఫీసేమో నానక్‌రామ్‌గూడలో ఉందనీ అప్పుడు గమనించాను. మెట్రోకి దగ్గరగా ఇల్లు తీసుకుంటే బడి దూరం. బడి దగ్గర తీసుకుంటే ఆయనకి రోజూ బండే.

అసలు పీటముడి మా అమ్మాయి చదువు దగ్గర పడింది. అది ఎనిమిదో తరగతి. తెలంగాణలో స్థానికులకు ఉంచే మెడికల్ సీట్లకు లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా, వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ మాబోటివాళ్లకు వర్తించవు. ఈ నిబంధన మీద కోర్టుల్లో చాలాకాలం గొడవ నడిచింది, 2025లో సుప్రీంకోర్టు సరేనంది. కర్ణాటక లెక్క వేరు. ఒకటో తరగతి నుంచి పీయూసీ, అంటే మన ఇంటర్, లోపు ఏడేళ్లు అక్కడ చదివితే చాలు, కానీ పదో తరగతి గానీ పీయూసీ గానీ అక్కడే పాసవ్వాలి.

ఇప్పుడు లెక్క వేయండి. ఈ జూన్‌లో వెళ్లిపోతే తెలంగాణ కలిసొస్తుంది, ఎనిమిదేళ్లు చదివిన కర్ణాటక పోతుంది. పది పూర్తయ్యాక వెళితే కర్ణాటక నిలుస్తుంది, తెలంగాణ పోతుంది. తొమ్మిది అయ్యాక వెళితే రెంటికీ చెడ్డ రేవడే. "ఇంకో ఏడాది చూద్దాంలే" అనే మాట మా ఇంట్లో ఎంత హాయిగా వాడుకునేవాళ్లమో! ఆ ఏడాదే అన్నిటికంటే ఖరీదైనదని తేలింది. ఇంతా చేసి, డాక్టరవుతానని మా అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు. బొమ్మలు గీసుకుంటానంటుంది. రేపెప్పుడో మనసు మారితే మమ్మల్ని అంటుందేమోనని మా టెన్షన్.

ఇంకో చిక్కు, తెలుగు. తెలంగాణ 2018లో చట్టం చేసి బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి చేసింది. అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. బడిలో కన్నడ నేర్చుకుంది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లే కాబట్టి బోర్డులు కూడబలుక్కుంటుంది. తలకట్టు దగ్గర తడబడుతుంది.

డబ్బుల మాట త్వరగా ముగిస్తాను. బెంగళూరులో మేం దిగినప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోసమని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అడ్వాన్సు సరిపోతుంది. కారు మీద కర్ణాటక కేఏ నంబరుతో అక్కడ ఏడాదికి మించి తిరగకూడదు. ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఆ తర్వాత ఇక్కడ మిగిలిన ట్యాక్స్ వాపసు కోసం అర్జీ పెట్టుకోవాలి. ఇక సామాను తరలింపు. ఇదే ఊళ్లో ఇల్లు మారినప్పుడు ఫోన్‌లో ఒక రేటు చెప్పి, లారీ ఎక్కించాక మరో రేటు చెప్పారు. నోటి మాట నమ్మకండి, మెట్లెక్కే కూలీతో సహా ముందే రాయించుకోండి.

వెళ్దామనడానికి నా దగ్గర పెద్ద కారణం ఒకటుండేది. మా అత్తమ్మ కర్నూలులో ఒంటరిగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు 210 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 360. అత్తమ్మ ఎగిరి గంతేస్తుందనుకుని ఫోన్ చేశాను.

"ఇప్పుడెన్నిసార్లు వస్తున్నారమ్మా?" అంది.

"నెలకోసారి."

"మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లోనే ఉండాడు. దగ్గరే కదా, వచ్చే వారం వస్తానంటాడు. ఉగాదికి వచ్చినోడు దసరాకి వచ్చినాడు. నా పేరు చెప్పుకుని ఊరు మారొద్దండి, మీకు మంచిదనిపిస్తే మారండి."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మా ఆయనకి చెబితే, "అమ్మ సంగతి నీకిప్పుడు తెలిసిందా" అన్నాడు.

చివరికి ఒక పని చేశాం. వచ్చే మే నెలలో పదిహేను రోజులు ఉండి చూద్దామని కొండాపూర్‌లో అద్దె గది మాట్లాడుకున్నాం. సంక్రాంతి హైదరాబాద్ చూశాం, ఇక నడి ఎండల హైదరాబాద్ చూడాలి. ఆయన రోజూ ఆ ఆఫీసుకే వెళ్లి వస్తాడు, పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరి. నేను మూడు బడులు చూడాలి, నీళ్లు ఏ గంటకు వస్తాయో కనుక్కోవాలి. జూన్ మొదట్లోనే టీసీ అడగాలా వద్దా అన్నది తేలిపోవాలి.

ఇవన్నీ కుదిరాక అమ్మాయికి చెప్పాం. అంతా విని, "అక్కడ నేను కన్నడలో ఎవరితో మాట్లాడాలి?" అంది. మేం పెట్టిన మూడు చుక్కల్లో అది లేదు. కాచిగూడ రైలుకు ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాం. తన స్నేహితురాలిని కూడా తీసుకెళ్లొచ్చా అని అడుగుతోంది. వాళ్లమ్మతో మాట్లాడాలి.

సెలవు.