ఎలుగుబంటికి ముందే కబురు పంపే మువ్వల కర్ర, ఇంట్లోనే చేసుకోండి

హాయ్ అండి, నమస్తే. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద నుంచి ఈ వీడియో చేస్తున్నా, వెనకాల ఆటోల హారన్లు వస్తాయి, కాస్త సర్దుకోండి. ఇవాళ చేసేది మువ్వల కర్ర. గుంటూరులో ఎలుగుబంట్లు ఎక్కడివిరా అని కామెంట్ పెట్టేస్తారు, తెలుసు. మాచర్ల అవతల నల్లమల అంచున మా బాబాయి మేకలు కాస్తాడు, ఇది ఆయన కోసం.

ముందు కర్ర ఎందుకో చెప్పేస్తా. ఎలుగు పనిగట్టుకుని మన మీదికి రాదు. దానికి చూపు అంతంతమాత్రం, వాసన మాత్రం బాగా పడుతుంది. చెదల పుట్టని గోళ్లతో తవ్వి మూతి లోపల పెడుతుంది, దానికి పైన ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని జ్యూస్ స్ట్రాతో లాగినట్టు లాగేస్తుంది. ఆ పనిలో ఉన్నప్పుడు మన అడుగుల చప్పుడు పట్టించుకోదు. మనం సడన్‌గా పక్కన తేలామనుకోండి, హడలిపోయి మీద పడుతుంది. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. మనం వస్తున్నట్టు ముందే తెలిస్తే చాలాసార్లు అదే పక్కకి పోతుంది.

సరే, ఇదిగో వెదురు కర్ర, భుజం దాకా. ఇవి ఎడ్లకి కట్టే మువ్వలు, ఆరు. బైండింగ్ వైర్, సైకిల్ ట్యూబ్ ముక్క, ప్లయర్. కణుపులు సాఫు చేసేయండి, ఇలా. అయిపోయింది.

ఇప్పుడు చిల్లు. ఇక్కడ ఆగండి, ఇక్కడే నేను చెడగొట్టా. మొదటిసారి మేకు పెట్టి సుత్తితో కొట్టా, టప్‌మని కర్ర నిలువునా చీలింది. రెండో కర్రా అంతే. మేకుని ప్లయర్‌తో పట్టుకుని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, కణుపు కింద మెల్లగా తిప్పుతూ గుచ్చాలి. చూడండి, పొగ వస్తోంది, కంగారు పడకండి, తిప్పుతూనే ఉండండి... వచ్చింది. డ్రిల్లింగ్ మెషీన్ ఉంటే ఇంకా మంచిది, నాకైతే ఈ కాలిన వెదురు వాసన ఇష్టం, అందుకే మేకే.

వైరు దూర్చి మువ్వలు కట్టండి. బిగించకండి! ఊడిపోతాయేమో అని నేను టైట్‌గా బిగించేశా, ఎంత ఊపినా మోగలేదు, మెడ పట్టేసిన వాడిలా బిగుసుకుపోయాయి. రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, అప్పుడే ఘల్లుమంటాయి. వినండి. ఆ, అదీ. వైరు చివర్లు లోపలికి మడిచి ట్యూబ్ చుట్టేయండి, లేదంటే చెయ్యి గీసుకుపోతుంది.

కొనకి ఇంకో ట్యూబ్ ముక్క తొడగద్దు. నేల మీద టక్ టక్ అనాలి కదా.

ఇక వాడటం. తెల్లారుజామున, చీకటి పడే వేళ, పుట్టలున్న చోట, తుప్పల మలుపుల్లో ఊపుకుంటూ నడవండి, మాట్లాడుకుంటూ వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ అసలు వద్దు. ఎదురుపడితే పరిగెత్తకండి, అది మనకంటే వేగం, చెట్టు కూడా ఎక్కేస్తుంది. దానివైపే తిరిగి నెమ్మదిగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక వేళ్లు పెనవేసుకోండి. రాళ్లు విసరడం, వీడియో తీయడం లాంటివి వద్దు. కర్ర ఉందని ధీమాగా దగ్గరికి పోకండి, కర్ర చప్పుడుకే తప్ప దాన్ని కొట్టడానికి కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు, ఊరికే కొట్టినా చంపినా కేసే.

ఇది తీసుకెళ్లి ఇస్తే బాబాయి "ఏరా, నన్ను గంగిరెద్దుని చేశావా" అన్నాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు, ఎలుగు సంగతేమో గానీ మేకలు మాత్రం ఆ చప్పుడు వింటే చాలు, వెనకే నడుస్తున్నాయంట.