చివరి 20 మీటర్లలో బోల్ట్ కూడా స్లో అయ్యాడు: బెర్లిన్ 9.58 రేసు రివ్యూ

నమస్తే అండీ, బాగున్నారా? అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈసారి రివ్యూకి సినిమా తీసుకోలేదు, ఫోనూ తీసుకోలేదు. ఒక పరుగు పందెం తీసుకున్నా. 2009 ఆగస్టు 16, బెర్లిన్, ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫైనల్. ఉసేన్ బోల్ట్, 9.58 సెకన్లు. ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే.

ఇంత పాత రేసు ఇప్పుడెందుకు అంటారా? పొద్దున్నే పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) గ్రౌండ్ వైపు వెళ్లి చూడండి. ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లలు కనిపిస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష ఒక్కటే చాలదు కదా, పరుగు కూడా పాస్ కావాలి. వాళ్లలో సగం మంది వాట్సాప్ స్టేటస్‌లో బోల్టే ఉంటాడు. వెనక డప్పుల మ్యూజిక్, ముందు గంభీరమైన గొంతు: కసి ఉండాలి, పళ్లు బిగబట్టాలి, చివర్లో ప్రాణం పెట్టి స్పీడు పెంచాలి. ఈ షార్ట్స్ చూసి చూసి నాకు విసుగు పుట్టింది. ఎందుకంటే అసలు రేసులో జరిగింది దానికి పూర్తిగా రివర్స్.

కాపీరైట్ గోల వల్ల రేసు ఇక్కడ వేయలేను. మీరే ఇంకో ఫోన్‌లో పెట్టుకోండి. స్పీడు పావు వంతుకు తగ్గించి చూస్తే ఇంకా మంచిది.

ముందు లెక్క చూద్దాం. ఆ రేసును ప్రతి 20 మీటర్లకూ కొలిచారు. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు, తుపాకీ చప్పుడుకి స్పందించిన టైమ్ కూడా అందులోనే. తర్వాతి 20కి 1.75. ఆ తర్వాత 1.67. 60 నుంచి 80 దాకా 1.61. అదీ అతని టాప్ స్పీడు, గంటకు 44 కిలోమీటర్ల పైమాటే. మరి చివరి 20 మీటర్లకు? 1.66. అంటే తగ్గింది. ప్రపంచ రికార్డు కొట్టిన రోజు, కొట్టిన మనిషే, ఆఖర్లో స్లో అయ్యాడు.

ఇది బోల్ట్ ఒక్కడి సంగతి కాదు. 100 మీటర్లలో చివరి దాకా స్పీడు పెంచుకుంటూ పోయేవాడు ఎవడూ ఉండడు. టాప్ స్పీడును ఒంట్లోని నరాలూ కండరాలూ పట్టి ఉంచగలిగేది కొద్ది సేపే. ఆ తర్వాత అందరూ తగ్గుతారు, తక్కువ తగ్గినవాడు ముందుకొస్తాడు. టీవీలో మనకేమో వాడొక్కడే గేరు మార్చినట్టు కనిపిస్తుంది. పక్కవాళ్లు వెనక్కి జారుతుండటంతో వచ్చే భ్రమ అది.

ఇప్పుడు 70 మీటర్ల దగ్గర పాజ్ చేయండి. బోల్ట్ ముఖం చూడండి. బుగ్గలు ఊగుతుంటాయి, దవడ వదులుగా ఉంటుంది, భుజాలు చెవుల దాకా ఎక్కలేదు. నాకు ఈ రేసులో అన్నింటికంటే నచ్చింది ఆ బుగ్గలే. ఇలా అంటే నవ్వుతారు గానీ, మొత్తం విషయం అక్కడే ఉంది. దవడ బిగిస్తే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే భుజాలు, భుజాలు బిగిస్తే చేతుల ఊపు కురచ అవుతుంది. చేతుల ఊపు తగ్గితే అడుగు కూడా తగ్గుతుంది. కసి ముఖంలోకి వచ్చిందంటే కాళ్లకు బ్రేక్ పడినట్టే.

వేళ్ల మధ్య ఆలూ చిప్ పెట్టి, అది విరగకుండా పరుగెత్తమని చెప్పే స్ప్రింట్ కోచ్‌లు ఉన్నారు. మా గ్రౌండ్‌లో చిప్ బదులు అప్పడం ముక్కతో చేయించాం. ఒక తమ్ముడు ఉన్నాడు, గట్టి పిల్లోడు, కాళ్లలో బలం ఉంది. సగం దూరం కూడా పోకముందే అప్పడం పొడి పొడి. వాడికే తెలీదు పిడికిలి ఎప్పుడు బిగించాడో. రెండోసారి చేయి వదులుగా పెట్టు అంటే, చేతితో పాటు కాళ్లు కూడా వదిలేసి జాగింగ్ చేశాడు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. కానీ కష్టం ఉన్నది సరిగ్గా అక్కడే. కాలు పూర్తి బలంతో నేలను తన్నాలి, అదే క్షణంలో చేయి, ముఖం ఖాళీగా ఉండాలి. ఇది ఒక్క రోజులో వచ్చే విద్య కాదు.

బోల్ట్‌కి కూడా పుట్టుకతో రాలేదు. 2002లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. వయసు పదిహేను, సొంత దేశపు జనం, 200 మీటర్ల ఫైనల్. టెన్షన్‌లో బూట్లు తారుమారుగా తొడిగేశాడట, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఈ మాట తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఆ రేసు గెలిచాడనుకోండి, అది వేరే సంగతి. ఆ తర్వాతి రోజుల్లో స్టార్ట్‌కి ముందు కెమెరా చూసి చేసే ఆ వేషాలు, నవ్వులు, జుట్టు సర్దుకోవడాలు ఉన్నాయే, వాటిని చాలామంది పొగరు అంటారు. నాకలా అనిపించదు. టెన్షన్ బయటికి పోవడానికి అతను తీసి పెట్టుకున్న దారి అది. ఈఏపీసెట్ సెంటర్ గేటు ముందు ఆఖరి పది నిమిషాల్లో ఫార్ములా షీటు తిరగేసే పిల్లల్ని చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. ఆ పది నిమిషాల్లో కొత్తగా ఎక్కేదేమీ ఉండదు, ఉన్నది చెదిరిపోతుందంతే. ఆ షీటు లోపల పెట్టి పక్కవాడితో నాలుగు జోకులేసుకోండి.

అలాగని మైండ్‌సెట్ ఉంటే చాలు అనే బ్యాచ్ నేను కాదు. అక్కడే షార్ట్స్ వాళ్లతో నాకు రెండో గొడవ. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బోల్ట్ గాయంతో వెళ్లి 200 మీటర్ల మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాడు. ఆ తర్వాత కోచ్ గ్లెన్ మిల్స్ దగ్గర చేరాడు. వెన్నెముక వంకర సమస్య ఉంది, దానికి తగ్గట్టు నడుము, వీపు బలం పెంచే పని నడిచింది. బోల్ట్‌కేమో 100 మీటర్లు పరుగెత్తాలని ఆశ, మిల్స్‌కేమో వీణ్ణి 400కి మళ్లించాలని. చివరికి ఒక ఒప్పందం: 200లో జమైకా జాతీయ రికార్డు కొట్టు, అప్పుడు 100 సంగతి చూద్దాం. 2007లో 19.75తో డాన్ క్వారీ పాత రికార్డు 19.86ని దాటేశాడు. మాట ప్రకారం 100లో దించారు, గ్రీస్‌లో 10.03 వచ్చింది. అక్కడి నుంచి 9.58కి పట్టింది రెండేళ్లు.

ఈ ఒప్పందం కథ షార్ట్స్‌లో ఎవరూ చెప్పరు, ఇందులో డైలాగ్ లేదు కాబట్టి. నాకైతే బంగారం లాంటి ముక్క. మా వైపు ఇళ్లలో ఏం జరుగుతుంది? పిల్లోడు స్పోర్ట్స్ అంటే నాయన వద్దంటాడు, అక్కడితో మాటలు బంద్. వద్దనడానికీ సరే అనడానికీ మధ్యలో ‘ఇది చేసి చూపించు’ అనే మెట్టు ఒకటి ఉంటుంది. దాన్ని అడగడం పిల్లలకూ రాదు, పెట్టడం పెద్దలకూ రాదు. కడపలో డాక్టర్ వైఎస్సార్ స్పోర్ట్స్ స్కూల్ ఉంది, మా అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్లున్నాయి. దారి అసలే లేదని చెప్పడానికి లేదు.

ఇక ఓటమి. 2011 ఆగస్టు 28, దక్షిణ కొరియాలోని దేగు, మళ్లీ ప్రపంచ ఫైనల్. తుపాకీ పేలకముందే బోల్ట్ లేచేశాడు. 2010 నుంచి ఫాల్స్ స్టార్ట్‌కి రెండో చాన్స్ లేదు, ఒక్కసారికే బయటికి. తప్పు తనదేనని ఆ క్షణానే అర్థమైంది, చొక్కా లాగేసి అరిచాడు. తనతోనే, అదే కోచ్ కింద ట్రైనింగ్ చేసే యోహాన్ బ్లేక్ 9.92తో గెలిచాడు. వారం తిరక్కుండా బోల్ట్ 200లో 19.40తో స్వర్ణం కొట్టాడు, మరునాడు రిలేలో జమైకా 37.04తో ప్రపంచ రికార్డు. మరుసటి ఏడు జమైకా ట్రయల్స్‌లో అదే బ్లేక్ చేతిలో 100, 200 రెండూ ఓడాడు. ఆ తర్వాత లండన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు 9.63. ఓడించినవాడితో రోజూ పొద్దున్నే ఒకే ట్రాక్ మీద నిలబడటం మనవల్ల అవుతుందా? గ్రూప్స్ కోచింగ్‌లో పక్కవాడికి రెండు మార్కులు ఎక్కువొస్తే రూమే మార్చేస్తాం మనం.

బోల్ట్ అంటే పొడుగు, 1.95 మీటర్లు, వాడి లెక్క వేరు అంటారా? అయితే 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ చూడండి. అమెరికా రన్నర్ నోవా లైల్స్ 30 మీటర్ల దగ్గర ఎనిమిది మందిలో ఆఖరున ఉన్నాడు. అక్కడ కంగారుపడి బిగుసుకుపోయి ఉంటే కథ ముగిసేది. గెలిచింది 9.784తో, కిషేన్ థాంప్సన్ 9.789. తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు. ఎనిమిదో స్థానం వాడు కూడా 9.91 పరుగెత్తాడంటే ఆలోచించండి.

ఒక్క మాట మాత్రం అపార్థం చేసుకోవద్దు. వదులుగా ఉండటమంటే నోరు మూసుకుని ఉండటం కాదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యాన్నీ ముందే కదిలింది. అధికారులు జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. రీప్లే చూడమని అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు, జ్యోతి 12.91తో మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి రజతం ఇచ్చారు. అంత గొడవ పడి, గుండె దడ దడ కొట్టుకుంటుంటే, వెంటనే బ్లాక్స్‌లో కూర్చుని పది హర్డిల్స్ దాటడం మామూలు విషయమా?

మార్కుల సంగతి. బెర్లిన్ రేసుకి పదికి పది, బేరమే లేదు. బీజింగ్ 2008లో గీత దాటకముందే ఛాతీ కొట్టుకున్న రేసుకి ఎనిమిది ఇస్తా. అందరూ దాన్నే ఎక్కువ షేర్ చేస్తారు, నాకెందుకో అక్కడ పరుగు కాస్త వృథా అయిందనిపిస్తుంది. మోటివేషన్ షార్ట్స్‌కి మూడు, అదీ మ్యూజిక్‌కి. వచ్చే వీడియోలో వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 400 మీటర్ల పరుగు. ఆ రేసులో చివరి వంద మీటర్లు ముందే చూసి పెట్టుకోండి, మాట్లాడుకుందాం. అప్పడం టెస్ట్ ఎవరైనా చేస్తే ఎన్ని మీటర్ల దగ్గర విరిగిందో కింద రాయండి.