తామర దుంప కూర: చింతపండు ఎప్పుడు వెయ్యాలి?

[తెర మీద: బురద అంటిన తామర దుంప, పక్కన అడ్డంగా కోసిన చక్రం]

నమస్కారం. ఇవాళ తామర దుంపతో రెండు వంటలు మొదటినుంచీ చేసి చూపిస్తాం. ముక్క కరకరలాడాల్సిన ఆవపెట్టిన కూర ఒకటి, ముక్క మెత్తబడాల్సిన పులుసు ఒకటి. రెండింటికీ దుంప ఒకటే, చింతపండూ ఒకటే. చింతపండు పడే వేళ మాత్రం వేరు. తామర దుంప ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉండిపోయిందంటే చాలాసార్లు అక్కడే తేడా జరిగి ఉంటుంది.

ముందు కొనడం. విశాఖ రైతుబజార్లలో ఇది వంకాయ, బెండకాయల్లా రోజూ కనబడే కూర కాదు. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఉత్తరాది కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటల్లో అడిగి చూడండి. తామర దుంప అంటే తెలియకపోతే ‘కమల్ కక్డీ’ అనండి.

[దగ్గరగా: దుంప రెండు చివర్లు]

చేతిలోకి తీసుకోగానే రెండు చివర్లూ చూడండి. కణుపు దగ్గర మూసుకుని ఉన్న దుంపే కావాలి. కొండకర్ల ఆవ సరస్సులో పడవెక్కి తామరపూలు చూసినవాళ్లకి ఆ ఆకుల కింద బురద ఎలా ఉంటుందో తెలుసు. దుంప పెరిగేది అలాంటి బురదలోనే. చివర తెగిన దుంపలో బురద కన్నాల పొడుగునా దూరిపోతుంది, తర్వాత పంటికింద ఇసుక తగులుతుంది. పొట్టిగా, లావుగా ఉన్న దుంపలు పులుసుకి బాగుంటాయి, పిండి ఎక్కువ. సన్నగా, పొడుగ్గా ఉన్నవి కూరకీ వేపుడుకీ.

కణుపులు కోసి పారేయండి. తొక్క పలచగా చెక్కి, కన్నాల్లోంచి కుళాయి నీళ్లు ధారగా పోనివ్వండి. మురికి కదలకపోతే దుంపని నిలువునా చీల్చి కడగడమే మేలు. కోస్తున్నప్పుడు సాలెగూడు పోగుల్లాంటి దారాలు సాగుతాయి. అది దుంప స్వభావం, పాడైందని పారేయకండి.

చెక్కిన దుంప గాలి తగిలితే వంకాయ ముక్కలాగే నల్లబడుతుంది. కూర ముక్కల్ని లీటరు నీళ్లలో అరచెక్క నిమ్మరసం పిండి, అందులో పది నిమిషాలు ఉంచండి. పులుసు ముక్కల్ని మాత్రం మామూలు నీళ్లలోనే ఉంచాలి. ఇనుప బాణలి వాడకండి. దుంపలోని వగరుకి ఇనుము తగిలితే ముక్క సిరారంగుకి తిరుగుతుంది. స్టీలు గిన్నె చాలు.

పచ్చిగా తినొద్దు. చెరువు నీటిలో పెరిగేది కాబట్టి పరాన్నజీవుల భయం ఉంటుంది. సలాడ్‌కైనా మరిగే నీళ్లలో ఉడికించాకే.

[తెర మీద: ఆవపెట్టిన కూర]

దుంప 400 గ్రాములు, మూడు మిల్లీమీటర్ల చక్రాలు. ముందు ఆవ పని చూద్దాం. ఒకటిన్నర టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఒక టీస్పూను బియ్యం ఇరవై నిమిషాలు నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి చల్లటి నీళ్లతో రుబ్బండి. ఆవ ఘాటు పుట్టేది ఆవగింజ నలిగి నీళ్లతో కలిసినప్పుడే. అందుకే రుబ్బాక పది నిమిషాలు అలా వదిలేయాలి. మిక్సీ జార్ వేడెక్కేదాకా తిప్పొద్దు.

ముక్కలు మునిగేటన్ని నీళ్లు, ఉప్పు, పసుపు, ఉసిరికాయంత చింతపండు రసం, అన్నీ మొదట్లోనే వేసి మూతపెట్టి ఎనిమిది నిమిషాలు ఉడికించండి. పులుపు ముందే పడింది కాబట్టి ముక్క ఉడుకుతుంది గానీ చితికిపోదు, కొరికితే టక్కున తెగుతుంది. నీళ్లు వంపేయండి.

రెండు టేబుల్‌స్పూన్ల నువ్వులనూనెలో సెనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, ముక్కలు వేసి మూడు నిమిషాలు కలపండి. స్టవ్ ఆపండి. ఐదు నిమిషాలు ఆగండి. గిన్నె గోరువెచ్చగా అయ్యాకే ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు ఆవిరైపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. కంద బచ్చలికైనా, పనసపొట్టుకైనా ఇదే పద్ధతి. అరగంట ఊరితే ఆవ ముక్కకి పడుతుంది. కన్నాల్లో ఆవ నిలిచే కూర ఇది, పనసపొట్టు తర్వాత ఆవకి ఇంత బాగా కుదిరే కూర మరోటి లేదని మా నమ్మకం.

[తెర మీద: పులుసు]

పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే బద్దలు బద్దలుగా మిగిలిపోతుందని ప్రతి వంటింట్లోనూ తెలిసిందే. తామర దుంపదీ అదే గుణం. కణాల్ని అంటిపెట్టుకుని ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. కాబట్టి అంగుళం మందం ముక్కల్ని ఉప్పు, పసుపు, నీళ్లతో కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే పోనివ్వండి. పుల్ల గుచ్చితే దిగాలి. దిగకపోతే ఇంకో రెండు విజిల్స్. చింతపండు పోశాక మాత్రం దాన్ని మెత్తబరచడం కష్టం.

పోపులో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి మగ్గాక ముక్కలు, నిమ్మకాయంత చింతపండు రసం, టేబుల్‌స్పూను బెల్లం వేసి పది నిమిషాలు మరిగించండి. దించే ముందు రెండు టీస్పూన్ల నువ్వుగుండ కలిపితే పులుసు చిక్కబడుతుంది.

[తెర మీద: వేపుడు చక్రాలు]

ఇదే దుంపతో చిప్స్, వరుగులు కూడా చేసుకోవచ్చు. చిప్స్‌కి రెండు మిల్లీమీటర్ల చక్రాలు కోసి, పిండి పోయేలా రెండుసార్లు కడిగి, ఒక్కో చక్రాన్నీ గుడ్డతో అద్దండి. మన సముద్రపు గాలిలో ఫ్యాన్ కింద ఆరబెడితే సరిపోదు. కన్నంలో నీటిచుక్క మిగిలితే నూనె ముఖం మీదికి చిమ్ముతుంది. మధ్యస్థం మంట మీద, బుడగలు తగ్గేదాకా వేయించండి. కశ్మీర్‌లో దీన్నే నిలువుగా కోసి బియ్యప్పిండిలో ముంచి వేస్తారు, నద్రూ మోంజే అంటారు.

వరుగులకి మూడు మిల్లీమీటర్ల ముక్కల్ని నాలుగు నిమిషాలు ఉడికించి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా ఉంచండి. పగలు ఎండ, రాత్రి మళ్లీ మజ్జిగ, రెండు రోజులు. తర్వాత గలగలమనేదాకా ఎండ ఒక్కటే. బీచ్ దగ్గరి మేడల మీదయితే సాయంత్రం నాలుగింటికే లోపలికి తెచ్చుకోండి, చీకటిపడితే పీల్చిన చెమ్మకి బూజు పడుతుంది.