యాభై రెండులోంచి ఇరవై ఏడు: చీపురు పుల్లల లెక్క

(వీడియో పాఠం. తరగతి గది. నేల మీద జంపఖానా, దాని మీద చీపురు పుల్లల కట్టలు. టీచర్ కూడా నేల మీదే కూర్చుని ఉంటారు.)

నమస్కారం. ముందు ఈ చప్పుడు వినండి. (రబ్బరు బ్యాండు లాగి వదులుతారు.) లెక్కల గంటలో మా రెండో తరగతి నుంచి వినిపించే చప్పుడు ఇదే. కిటికీ బయట నిలబడి చూసేవాళ్లకు మాత్రం పదకొండు మంది పిల్లలు నేల మీద పడి పుల్లలు ఏరుకుంటున్నట్టు కనిపిస్తుంది.

పోయిన వారం ఒక తండ్రి అలాగే కిటికీ దగ్గర ఆగాడు. కాసేపు చూశాడు. "మేడం, పాపను చదువుకోవడానికి పంపిస్తున్నాం. పుల్లలు ఏరడం ఇంట్లో మేమే నేర్పుతాం కదా" అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. "లోపలికి రా అన్నా, కూర్చో" అన్నాను. చేను దగ్గర పత్తి ఏరేవాళ్లు ఎదురుచూస్తున్నారని వెళ్లిపోయాడు. ఆయనకు చెప్పాలనుకున్నదంతా నాలుగు రోజులుగా నాలోనే తిరుగుతోంది. ఇవాళ మీకు చెప్పేస్తాను.

(పలక చూపిస్తారు. 52, దాని కింద 27.)

తీసివేత. జవాబు 25. మీకు వచ్చు. మీకు వచ్చు కాబట్టే ఇందులో కష్టం ఎక్కడుందో మీకు కనిపించదు. మా పిల్లల్లో సగం మంది మొదట రాసే జవాబు ఏమిటో తెలుసా? 35. ప్రతి ఏడూ అదే. ఎందుకు? ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7. రెండులోంచి ఏడు పోదు. కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి 5 రాస్తారు. అయిదులోంచి రెండు పోతే 3. ముప్పై అయిదు.

ఇది అజాగ్రత్త అనుకుంటారు చాలామంది. కాదు. పిల్లవాడు ఒక నియమాన్ని చాలా బుద్ధిగా పాటించాడు. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని మొదటి తరగతిలో మనమే చెప్పాం కదా. అదే చేశాడు. చెంపదెబ్బ ఎవరికైనా తగలాలంటే ఆ నియమం చెప్పిన మాకే తగలాలి.

సరే, దీన్ని దిద్దడానికి ఇంట్లో ఏమి చెబుతారు? "పక్కనున్న అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో." నాకు చిన్నప్పుడు ఇలాగే చెప్పారు. మీకూ ఇలాగే చెప్పి ఉంటారు. కొత్తగా చేరినప్పుడు నేను కూడా ఇదే చెప్పాను. అప్పుడు రెండు జడలు వేసుకున్న ఒక అమ్మాయి లేచి రెండు ప్రశ్నలు అడిగింది. "టీచర్, ఒకటే తెచ్చుకుంటే రెండూ ఒకటీ మూడు అవుతుంది కదా, పన్నెండు ఎట్లా అవుతుంది?" ఇది మొదటిది. దానికి ఏదో నీళ్లు నమిలాను. రెండోది అడిగింది. "టీచర్, ఆ అప్పు మళ్లీ ఎప్పుడు కడతాం?"

నవ్వకండి. ఆ అమ్మాయి ఇంట్లో అప్పు అంటే వేళాకోళం కాదు. పాలమూరు వైపు, దేవరకొండ వైపు పిల్లలకు అప్పు అంటే ఏమిటో మనం నేర్పనక్కర్లేదు. విత్తనాలకు తెస్తారు, బోరుకు తెస్తారు, పంట వచ్చాక కడతారు. రాకపోతే అమ్మానాన్నలు వలస పోతారు, పిల్ల నాయనమ్మ దగ్గర ఉండిపోతుంది. అలాంటి పిల్లకు "అయిదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో, తిరిగి ఇవ్వనక్కర్లేదు" అని చెబితే ఎలా నమ్ముతుంది? ఆ రోజు నుంచి నేను తరగతిలో అప్పు అన్న మాట మానేశాను. ఆ మాటే తప్పు. ఇక్కడ ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వడం లేదు. జరిగేది చిల్లర మార్చుకోవడం.

(జేబులోంచి నోట్లు తీసి జంపఖానా మీద పరుస్తారు: పది రూపాయల నోట్లు అయిదు, రూపాయి బిళ్లలు రెండు.)

చూడండి. నా దగ్గర యాభై రెండు రూపాయలున్నాయి. దుకాణంలో ఇరవై ఏడు రూపాయల సామాను కొన్నాను. దుకాణం తాత దగ్గర చిల్లర లేదు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉండదు, చిల్లర బదులు చాక్లెట్ ఇస్తాడు, అది వేరే వీడియో. ఇప్పుడు నేను ఏడు రూపాయి బిళ్లలు ఎక్కడి నుంచి తేవాలి? రెండే ఉన్నాయి. ఒక పది నోటు పట్టుకుని పక్క ఇంటికి వెళ్లి చిల్లర చేయించుకుంటాను. నోటు పోయింది, పది బిళ్లలు వచ్చాయి. ఇప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. డబ్బు తగ్గిందా? లేదు. పెరిగిందా? లేదు. అదే యాభై రెండు, రూపం మారింది. ఏడు బిళ్లలు ఇచ్చాను, రెండు నోట్లు ఇచ్చాను. మిగిలినవి రెండు నోట్లు, అయిదు బిళ్లలు.

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అయిదు దగ్గర తెచ్చింది ఒకటి కాదు, ఒక పది. పదుల ఇంట్లో ఒకటిగా ఉన్నది ఒకట్ల ఇంట్లోకి రాగానే పదిగా విడిపోతుంది. రెండో ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. కట్టాల్సింది ఏమీ లేదు తల్లీ, ఆ నోటు నీదే.

మరి నోట్లతోనే చెప్పవచ్చు కదా, పుల్లలెందుకు అంటారా? నోటు చూస్తే అందులో పది ఉన్నాయని ఏడేళ్ల పిల్లకు కనిపించదు. నమ్మాలంతే. పుల్లల కట్ట అలా కాదు. (కట్ట దగ్గరగా చూపిస్తారు.) ఇవి కొబ్బరి చీపురు పుల్లలు, వేలెడంత పొడవు, కత్తెరతో కోసినవి. పదింటికి ఒక రబ్బరు బ్యాండు. కోసింది నేను, కట్టింది పిల్లలు. బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కట్టిన చేతులే కదా, వాళ్లకు ఇది కొత్త కాదు. విప్పితే పది పుల్లలు చేతిలోకి వస్తాయి, కడితే మళ్లీ ఒక కట్ట అవుతుంది. నోటు విప్పి చూడలేం, కట్ట విప్పి చూడగలం.

ఇంకో సంగతి. మా బడికి తండా నుంచి వచ్చే పిల్లలున్నారు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఇద్దరు ముగ్గురి ఇళ్లలో ఉర్దూ. పైగా 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిషు. తెలుగులో ఇరవై మూడు అంటే ఇరవై, మూడు అని విడివిడిగానే వినిపిస్తుంది, రాసే వరుసలోనే పలుకుతాం. పదకొండు, పన్నెండు మాత్రమే కాస్త దాచిపెడతాయి. ఇంగ్లిషులో థర్టీన్, థర్టీ అనగానే పిల్లలు తికమకపడతారు. చివర్లో ఒక్క నకారం తేడా, వెనక వరుసలో కూర్చుంటే అదీ వినిపించదు. ఒక కట్ట, మూడు పుల్లలు పెడితే థర్టీన్. మూడు కట్టలు పెడితే థర్టీ. ఏ భాషలో ఆలోచించే పిల్లకైనా చేతిలో తేడా తెలుస్తుంది.

కంఠస్థం చేయిస్తే ఇంత శ్రమ ఎందుకు అని కూడా అడుగుతారు. నేను కంఠస్థానికి శత్రువును కాదు, ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే. రోజూ బడి మొదలవగానే ప్రతిజ్ఞ చెప్పిస్తాం. దాన్ని 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది మన నల్లగొండ పక్కనున్న అన్నెపర్తి. సందర్భం దొరికితే ఈ మాట చెప్పకుండా ఉండలేను, ఏమీ అనుకోకండి. మా పిల్లలు దాన్ని తడుముకోకుండా చెబుతారు. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద" అని ఒక్క ఊపిరిలో. బహువిధం అంటే ఏమిటని అడిగితే పక్కవాడి ముఖం చూస్తారు. ప్రతిజ్ఞకు తొందర లేదు, అర్థం పెద్దయ్యాక తెలుస్తుంది. తీసివేత అలా ఆగదు. రెండో తరగతిలో అర్థం కానిది మూడో తరగతిలో మూడంకెలతో మీద పడుతుంది. 2022లో మన తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఇందుకే కదా, చదవడం, రాయడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అనే ఈ నాలుగు లెక్కలు అయిదో తరగతి దాటేలోగా గట్టిపడాలని.

నిన్న జరిగింది చెబుతాను. ఇదే లెక్క, 52లోంచి 27. ఒక పిల్లవాడు, పేరెందుకు లెండి, ఎప్పుడూ చొక్కా గుండీ కొరుకుతుంటాడు, అన్నీ సరిగ్గానే చేశాడు. అయిదు కట్టలు, రెండు పుల్లలు పెట్టాడు. ఒక కట్ట విప్పాడు. ఇరవై ఏడు పక్కకు తీశాడు. మిగిలినవి లెక్కపెట్టాడు. రెండు కట్టలు, నాలుగు పుల్లలు. ఇరవై నాలుగు. చుట్టూ అందరూ ఇరవై అయిదు అని అరుస్తున్నారు. మామూలుగా అయితే పిల్లవాడు ఏమి చేస్తాడు? పలక మీద 4 తుడిచేసి 5 రాసేస్తాడు. వీడు రాయలేదు. "నా దగ్గర ఇరవై నాలుగే ఉన్నాయి టీచర్" అన్నాడు, కళ్లలో నీళ్లతో. నేను కూడా వచ్చి కూర్చున్నాను. పక్కకు తీసినవి లెక్కపెట్టాం, సరిగ్గా ఇరవై ఏడు. అన్నీ కలిపితే యాభై ఒకటి. వాడు ఒక్క క్షణం ఆగి, "కట్ట తప్పు" అన్నాడు. నేను కట్టిచ్చిన కట్టలో... క్షమించండి, వాళ్లు కట్టిన కట్టలో తొమ్మిదే ఉన్నాయి.

ఆ తర్వాత తరగతిలో ఎవరూ ఎవరి కట్టనూ నమ్మలేదు. అన్నీ విప్పి లెక్కపెట్టి మళ్లీ కట్టారు. గంట మొత్తం దానికే పోయింది. నాకైతే ఈ ఏడాదిలో అంత మంచి లెక్కల గంట ఇంకోటి లేదు. పోయిన వారం వచ్చిన ఆ తండ్రి కిటికీలోంచి చూసి ఉంటే మాత్రం, ఇంకా పుల్లలే అనుకునేవాడు.

(బయట గిన్నెల చప్పుడు.) వంట అయిపోతున్నట్టుంది. మిగతాది తొందరగా చెబుతాను.

సున్నా. 302లోంచి 148. అందరూ ఇక్కడే పడతారు. ఎనిమిది కావాలి, రెండే ఉన్నాయి. చిల్లరకు పక్కింటికి వెళ్తే పదుల ఇల్లు ఖాళీ. సరే, దాని పక్కింట్లో మూడు వంద నోట్లున్నాయి. ఒక వంద నోటు మారుస్తాం, పది రూపాయల నోట్లు పది వస్తాయి. అందులో ఒకటి మళ్లీ మారుస్తాం, పది బిళ్లలు. ఇప్పుడు రెండు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది పెద్దవాళ్లు కూడా చెప్పలేరు, సున్నా మీద గీత కొట్టి 9 వేయడం మాత్రం వచ్చు. పది నోట్లలో ఒకటి చిల్లరకు పోయింది, తొమ్మిది మిగిలాయి. జవాబు 154.

కూడిక దీనికి తిరగేసినట్టే. 38కి 27 కలిపితే బిళ్లలు పదిహేను అవుతాయి. పదింటిని ఇచ్చి ఒక నోటు తీసుకుంటాం. "పైన ఒకటి వేయి" అంటాం కదా, ఆ ఒకటి ఈ నోటే. అరవై అయిదు.

భాగహారం. 52 నలుగురికి. అయిదు నోట్లు, తలా ఒకటి. ఒక నోటు మిగిలింది, చింపి పంచలేం, మారుస్తాం. బిళ్లలు పన్నెండు, తలా మూడు. పదమూడు. భాగహారం ఎడమ నుంచి ఎందుకు మొదలుపెడతామో ఇక్కడ తెలుస్తుంది, పంచేటప్పుడు ఎవరైనా పెద్ద నోట్లే ముందు పంచుతారు. గుణకారం ఇవాళ వదిలేస్తున్నాను, సమయం లేదు.

పిల్లలను ఎప్పటిదాకా పుల్లలతో ఉంచాలి అని అడిగేవాళ్లకు: జీవితాంతం కాదు. మొదట పుల్లలు. తర్వాత పలక మీద నిలువు గీతలు, చుక్కలు. గీత అంటే కట్ట, చుక్క అంటే పుల్ల. ఆ తర్వాత అంకెలే. మా రెండు జడల అమ్మాయికి మూడు వారాలు పట్టింది, కొందరికి మూడు నెలలు పడుతుంది. ముందే పుల్లలు లాక్కోవద్దు. వాళ్లే విసుగు పుట్టి పక్కన పెడతారు.

ఇంట్లో మీరు చేయవలసింది ఒక్కటే. దుకాణానికి పంపేటప్పుడు సరిపడా చిల్లర ఇచ్చి పంపకండి. పది నోటు ఇవ్వండి, మిగిలింది ఎంతో అడగండి. చాక్లెట్ తెస్తే ఒప్పుకోకండి.

(గంట మోగుతుంది. పిల్లలు పళ్లేలు పట్టుకుని పరుగెత్తే చప్పుడు.) ఇవాళ కోడిగుడ్డు రోజు. ట్రేకు ముప్పై, మాకు నలభై ఏడు కావాలి. ఒక ట్రే పోగా ఇంకెన్ని కావాలో మూడో తరగతి వాళ్లు లెక్కపెట్టి వంట అక్కకు చెప్పాలి, నేను వెళ్లి చూడకపోతే రెండు ట్రేలూ తెచ్చేసుకుంటారు. ఆ తొమ్మిది పుల్లల కట్ట కూడా ఇంకా అలాగే ఉంది. పదో పుల్ల జంపఖానా కిందే ఎక్కడో ఉండాలి.